విదేశాల్లో ఇండియన్ రెస్టారెంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వేసవి సెలవులు దగ్గరపడుతున్న కొద్దీ ఈ శీర్షికకు ప్రయాణాల గురించిన ఉత్తరాలే ఎక్కువగా వస్తాయి. పిల్లల దగ్గరికి లండన్‌కో డాలస్‌కో వెళ్లే తల్లిదండ్రులు, ప్యాకేజీ టూరులో యూరప్ చూడబోయే కుటుంబాలు, ఆఫీసు పనిమీద మొదటిసారి విమానమెక్కే యువకులు వీసా సంగతి, చలిబట్టల సంగతి అడిగాక చివరికి భోజనం దగ్గరికే వస్తారు. ఈసారి ఇండియన్ రెస్టారెంట్లకు సంబంధించిన ఉత్తరాలను ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను.

మా అబ్బాయి లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయినసారి వెళ్లినప్పుడు వాళ్ల ఇంటి దగ్గరున్న ఇండియన్ రెస్టారెంటుకు రెండు మూడుసార్లు తీసుకెళ్లాడు. ఏ కూర తిన్నా ఒకటే రుచి, పైగా తీపి. సాంబారు ఉందా అంటే లేదన్నారు. మన దేశం పేరు పెట్టుకుని మన వంట వండకపోవడం ఏమిటి? ఈసారి మంచి చోటు ఎలా తెలుసుకోవాలి?
*విశ్రాంత ఉపాధ్యాయుడు, తార్నాక*

మీ నిరాశ సహజమే కానీ, ఆ రెస్టారెంటు వారు మిమ్మల్ని మోసం చేశారని మాత్రం అనుకోకండి. బ్రిటన్‌లో ఇండియన్ రెస్టారెంటు అనే పేరుతో నడిచే చోట్లలో చాలావాటి యజమానులు, వంటవాళ్లు ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం నుంచి వచ్చినవారు. ఆ ప్రాంతపు మనుషులు ఓడల్లో బొగ్గు వేసే పనికీ, వంటపనికీ కుదిరి, లండన్ రేవులో దిగిపోయి, అక్కడి హోటళ్లలో గిన్నెలు కడగడంతో జీవితం మొదలుపెట్టి, రెండో ప్రపంచ యుద్ధం తరవాతి దశాబ్దాల్లో సొంత హోటళ్లు పెట్టుకున్నారు. వాళ్లు వండింది తమ ఇంటి వంట కాదు. కారం అలవాటులేని ఆంగ్లేయులు రాత్రిపూట వచ్చి డబ్బిచ్చి తినగలిగే వంటను వాళ్లు కొత్తగా తయారుచేసుకున్నారు. కాబట్టి అక్కడ సాంబారు లేకపోవడంలో వింతేమీ లేదు.

అన్ని కూరలూ ఒకే రుచిగా ఉండటానికి కారణం వంటగది నడిచే తీరులోనే ఉంది. ఉల్లిపాయలు, వెల్లుల్లి, అల్లం, కొద్దిగా టమాటా కలిపి పెద్ద గిన్నెలో మెత్తగా ఉడకబెట్టి, రుబ్బి, పొద్దున్నే ఒక పలచటి గ్రేవీ సిద్ధం చేసి ఉంచుతారు. మాంసం కూడా ముందే ఉడికించి ఉంటుంది. మీరు ఆర్డరు ఇవ్వగానే పెనంలో నూనె, మసాలాపొడి వేసి, ఈ గ్రేవీ రెండు గరిటెలు పోసి, క్రీము, కొబ్బరి చేర్చితే కోర్మా అవుతుంది, కారం పెంచితే మద్రాస్ అవుతుంది, ఇంకా పెంచితే విందాలూ అవుతుంది. అక్కడి మెనూలో ఈ పేర్లు ఊళ్లను గానీ వంట పద్ధతులను గానీ సూచించవు, కారం ఎంత ఉంటుందో చెబుతాయి. 2001లో అప్పటి బ్రిటన్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను తమ జాతీయ వంటకమని ఒక ప్రసంగంలో అన్నారంటే, ఆ వంట అక్కడిదేనని వాళ్లే ఒప్పుకున్నట్టు.

ఈ చరిత్ర చాలా పాతది. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 1810లోనే లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ పేరుతో భోజనశాల తెరిచి, రెండేళ్లకే దివాలా తీశాడు. రీజెంట్ స్ట్రీట్‌లో వీరాస్వామి రెస్టారెంటును 1926లో ఎడ్వర్డ్ పామర్ ప్రారంభించాడు. ఆయన ముత్తాత విలియం పామర్ అనే ఆంగ్ల జనరల్. ఆ జనరల్ కొడుకుల్లో ఒకరే పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో మన హైదరాబాదులో పామర్ కంపెనీ పెట్టి, నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చినవాడు. మన ఊరి చరిత్రలో కాస్త చేదుగా మిగిలిన ఆ ఇంటిపేరు లండన్ భోజనాల చరిత్రలోనూ కనిపించడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక మంచి చోటు సంగతి. లోపలికి వెళ్లేముందు ఆ వంటగది ఎవరిదో తెలుసుకోండి. మెనూ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. వంద పదార్థాలు ఉండి, ప్రతి కూరా చికెన్‌తో, లాంబ్‌తో, రొయ్యలతో, కూరగాయలతో దొరుకుతుందని రాసి ఉంటే అది నేను పైన చెప్పిన గ్రేవీ వంటగది. అలాంటి చోట సాంబారు కోసం వెతక్కుండా పప్పు తడ్కా, బెండకాయ కూర, వేడి అన్నం అడిగితే తృప్తిగా తిని రావచ్చు. మన దక్షిణాది భోజనమే కావాలంటే మీ అబ్బాయిని ఈస్ట్ హామ్ వైపు గానీ, టూటింగ్ వైపు గానీ తీసుకెళ్లమనండి. తమిళులు, మలయాళీలు, శ్రీలంక తమిళులు ఎక్కువగా ఉండే ఆ పేటల్లో ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం నడిపే హోటళ్లు వరసగా కనిపిస్తాయి. గుజరాతీ శాకాహారానికి వెంబ్లీలోని ఈలింగ్ రోడ్డు, పంజాబీ వంటకు సౌతాల్ ప్రసిద్ధి.

ప్రాజెక్టు పనిమీద కొన్ని నెలలు టోక్యోలో ఉండబోతున్నాను. నేను శాకాహారిని. అక్కడ ఏ ఇండియన్ రెస్టారెంటు చూసినా బటర్ చికెన్, పెద్ద నాన్ తప్ప ఏమీ ఉండవని మా టీములో వాళ్లు భయపెడుతున్నారు.
*సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్*

మీ సహోద్యోగులు చెప్పింది మెనూ వరకు నిజమే. జపాన్‌లో ప్రతి పేటలోనూ కనిపించే చిన్న ఇండియన్ రెస్టారెంట్లలో ఎక్కువ భాగం నేపాలీలవి. జపానువాళ్లకు పళ్లెం దాటి వేలాడేంత పెద్ద నాన్, కాస్త తియ్యటి బటర్ చికెన్ అంటే ఇష్టం కాబట్టి వాళ్లు అవే వండి బోర్డు మీద రాస్తారు. అయితే వండేవాళ్లు రోజూ రెండుపూటలా తినేది పప్పూ అన్నమే.

ఒకసారి టోక్యోలో స్టేషను పక్క సందులో ఉన్న అలాంటి చోటికి మధ్యాహ్నం జనం పలచబడ్డాక వెళ్లాను. తందూరు దగ్గర నిలబడిన పెద్దాయనను, మీరు మధ్యాహ్నం ఏం తింటారో అదే నాకూ పెడతారా అని హిందీలో అడిగాను. ఆయన ముఖం ఒక్కసారిగా విప్పారింది. పది నిమిషాల్లో స్టీలు పళ్లెంలో అన్నం, దాని పక్కన గిన్నెలో పలచటి ఎర్ర కందిపప్పు, ఆవాకు కూర, ముల్లంగి పచ్చడి తెచ్చిపెట్టాడు. పప్పులో నేతితో వేసిన పోపులో జింబు అనే హిమాలయపు ఆకు వాసన తెలుస్తోంది. అది మన ముద్దపప్పు కాదు, చారూ కాదు, కానీ అన్నంలో కలుపుకుని చేత్తో తినే భోజనం. నేపాలీ వంటగది అని తెలిస్తే మొహమాటపడకుండా దాల్ భాత్ అడగండి. మెనూలో లేకపోయినా చాలాచోట్ల పెడతారు. కొన్నిచోట్ల ముందురోజు చెబితే ఇంకా బాగా చేస్తారు.

అచ్చంగా మనవాళ్ల భోజనం కావాలనుకున్నప్పుడు ఎదొగావా వార్డులోని నిషికసాయి పేటకు వెళ్లండి. ఐటీ ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి కాబట్టి దక్షిణాది టిఫిన్లు, మన సరుకులు అమ్మే కొట్లు దొరుకుతాయి. వీలైతే షింజుకులోని నాకమురాయ అనే పాత రెస్టారెంటుకూ వెళ్లి రండి. జపానులో తలదాచుకున్న స్వాతంత్ర్య సమరయోధుడు రాస్ బిహారీ బోస్ ద్వారా ఆ సంస్థ 1927లో భారతీయ పద్ధతి కూరను తన మెనూలో చేర్చింది. అది కోడికూర కాబట్టి మీకు తినడానికి కాక చూడటానికే పనికొస్తుందేమో. ఒక్క హెచ్చరిక ఏమిటంటే, జపాను హోటళ్లలో కూరగాయల సూపు, నూడిల్సు కూడా చాలాసార్లు ఎండుచేప మరిగించిన నీళ్లతో చేస్తారు. చూడటానికి శాకాహారంగా ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఈ విషయంలో ఇండియన్ రెస్టారెంటే మీకు నిశ్చింత.

వచ్చే నెల మా కుటుంబం ప్యాకేజీ టూరులో యూరప్ వెళ్తోంది. రోజూ రాత్రి ఇండియన్ డిన్నరు అని రాశారు. మా అత్తగారు గుడ్డు కూడా ముట్టరు, వారంలో రెండు రోజులు ఉల్లి, వెల్లుల్లి తినరు. ఇండియన్ రెస్టారెంటే కదా, ప్రత్యేకంగా అడగాలా?
*గృహిణి, మలక్‌పేట*

తప్పకుండా అడగాలి. ఇది శాకాహారమేనా అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అందులో మాంసం ముక్కలు లేవు. మీ ప్రశ్న సూటిగా ఉండాలి. నాన్ పిండిలో గుడ్డు కలుపుతారా అని అడగండి. కొన్ని వంటగదుల్లో మెత్తదనం కోసం కలుపుతారు, అలాంటప్పుడు తందూరీ రోటీ తీసుకోవచ్చు, దానికి సాధారణంగా గోధుమపిండి, నీళ్లు, ఉప్పు చాలు. పకోడీ, సమోసా వేయించిన నూనెలోనే చేపముక్కలు, కోడిముక్కలు కూడా వేయిస్తారా అని అడగండి. చిన్న వంటగదిలో నూనె మూకుడు ఒక్కటే ఉండటం మామూలు. బఫేలో కోడికూర గరిటెను పప్పులో పెట్టేవాళ్లు వంటవాళ్లు కారు, మనతో వచ్చిన తోటి ప్రయాణికులే. కాబట్టి అత్తగారికి ముందుగా వడ్డించుకుని రండి.

ఉల్లి, వెల్లుల్లి లేని రోజు మాత్రం ముందే ఏర్పాటు చేసుకోవాలి. పైన తార్నాక మాస్టారికి చెప్పిన గ్రేవీలో అసలు సరుకే ఉల్లిపాయ కాబట్టి, తయారైపోయిన కూరలోంచి దాన్ని తీసెయ్యడం ఎవరి వల్లా కాదు. ఆ రోజులేవో చూసి టూర్ మేనేజరుకు కనీసం ముందురోజు పొద్దున చెప్పండి. జైన భోజనం కావాలని చెబితే యూరప్‌లో భారతీయ టూరు బృందాలకు వండే వంటవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అయితే అందులో బంగాళాదుంప కూడా ఉండదని గుర్తుంచుకోండి. జీలకర్ర పోపు వేసిన పప్పు, అన్నం, పెరుగు, ఏదో ఒక కూర, ఇవి దొరికితే ఆ పూట గడిచినట్టే.

స్విట్జర్లాండ్‌లో 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషనులో కూడా భారతీయ భోజనం పెట్టే రెస్టారెంటు ఉంది. దాని పేరే బాలీవుడ్. మంచు కొండ మీద మనవాళ్లు అన్నం, పప్పు పళ్లాలతో వరసలో నిలబడటం చూస్తే మీ అత్తగారికి సగం బెంగ తీరుతుంది. ఎత్తు వల్ల కొందరికి తల తిరుగుతుంది కనుక అక్కడ మితంగా తినమని చెప్పండి.

ఇండియన్ రెస్టారెంటులో మాంసం హలాల్ అని నమ్మవచ్చా?
*పాఠకుడు, టోలీచౌకీ*

రెస్టారెంటు పేరును బట్టి నమ్మకండి, అడిగి తెలుసుకోండి. బ్రిటన్‌లో బంగ్లాదేశీ యజమానుల చోట సాధారణంగా హలాల్ మాంసమే వాడతారు, కానీ చాలాచోట్ల మద్యం కూడా అమ్ముతారు. మీకు అది అభ్యంతరమైతే అదీ అడగాలి. యూరప్ ప్రధాన భూభాగంలో పంజాబీ, నేపాలీ యజమానులవి ఎక్కువ కాబట్టి కోడిమాంసం, గొర్రెమాంసం రెండింటి గురించీ విడివిడిగా అడగండి, ఒకటి హలాల్ అయి మరొకటి కాకపోవడం ఉంటుంది. సింగపూర్‌లో ముయిస్, మలేసియాలో జాకిమ్ సంస్థలు ఇచ్చే ధ్రువపత్రం గోడ మీద కనిపించాలి. మలేసియాలో మమక్ అని పిలిచే తమిళ ముస్లిముల హోటళ్లుంటాయి. పరోటా, పప్పుపులుసు, మరిగిన టీ అర్ధరాత్రి దాటాక కూడా దొరికే ఆ చోట్లు హైదరాబాదు వాళ్లకు ఇట్టే నచ్చుతాయి.

డాలస్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ ఇండియన్ రెస్టారెంటుకు వెళ్తే బిల్లుమీద అయిదో వంతు టిప్పు ఇవ్వాలట. మనవాళ్ల హోటలే కదా, ఇవ్వకపోతే ఏమవుతుంది? ఇతర దేశాల్లో ఎలా?
*చిరువ్యాపారి, కూకట్‌పల్లి*

మనవాళ్ల హోటలే కాబట్టి ఇవ్వనక్కర్లేదు అనుకోవడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం టిప్పు అందుకునే ఉద్యోగికి యజమాని నేరుగా ఇవ్వవలసిన కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు మాత్రమే. 1991 నుంచి అది మారలేదు. డాలస్ ఉన్న టెక్సస్‌లో అదే అమల్లో ఉంది. మిగతాది టిప్పుల రూపంలో రావాలన్నదే అక్కడి లెక్క. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాల్లో వడ్డించేవారికీ పూర్తి కనీస వేతనం ఇవ్వాలి, అయినా టిప్పు అలవాటు అక్కడా ఉంది. మీ బల్ల దగ్గరికి నీళ్లు తెచ్చిపెట్టే కుర్రవాడు వరంగల్ నుంచో గుంటూరు నుంచో వచ్చినవాడైనా సరే, మీరు ఇచ్చే టిప్పు అతని జీతంలో భాగమే.

లెక్క ఇలా చూసుకోండి. నలుగురు తిన్న భోజనం మెనూ ధరల ప్రకారం 100 డాలర్లు అయిందనుకుందాం. డాలస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం కాబట్టి బిల్లు 108.25 అవుతుంది. టిప్పును పన్ను కలపని మొత్తం మీద లెక్కగట్టడం తప్పేమీ కాదు. 18 శాతమైతే 18 డాలర్లు, మొత్తం 126.25. వడ్డన మామూలుగా ఉంటే 15 శాతం, బాగుంటే 20 శాతం ఇస్తారు. ఆరుగురో ఎనిమిదిమందో కలిసి వెళ్తే రెస్టారెంటువారే 18 శాతమో 20 శాతమో గ్రాట్యుటీ పేరుతో బిల్లులో కలిపేస్తారు, అది చూసుకోకుండా మళ్లీ టిప్పు రాసేవాళ్లున్నారు. కాబట్టి బిల్లును చివరి గీత దాకా చదవండి. కౌంటరు దగ్గర మనమే తెచ్చుకునే దోసె బండ్లలో, మిఠాయి దుకాణాల్లో మిషను తెర టిప్పు అడిగినా ఇవ్వడం మీ ఇష్టం.

బ్రిటన్‌లో చాలా రెస్టారెంట్లు 12.5 శాతం సర్వీస్ ఛార్జి కలుపుతాయి. అది ఐచ్ఛికమని రాసి ఉంటే తీసెయ్యమని అడిగే హక్కు మీకుంది. అయితే 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ఆ సొమ్మంతా యజమాని ఉద్యోగులకే పంచాలి, కాబట్టి వడ్డన బాగున్నప్పుడు ఉంచెయ్యడమే న్యాయం. ఫ్రాన్స్‌లో సేవారుసుము మెనూ ధరలోనే కలిసి ఉంటుంది, సంతోషం కొద్దీ చిల్లర వదిలితే చాలు. జపానులో టిప్పు ఇవ్వకండి, బల్ల మీద పెట్టిన డబ్బు మరిచిపోయారనుకుని వెనకే పరిగెత్తుకొస్తారు.

ఇంకొక మాట. మన బ్యాంకు కార్డుతో చెల్లించేటప్పుడు మిషను రూపాయల్లోనా, డాలర్లలోనా అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మిషను కంపెనీ చెప్పిందే అవుతుంది, అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. కార్డులో విదేశీ చెల్లింపుల సౌకర్యాన్ని బయల్దేరేముందే బ్యాంకు యాప్‌లో తెరిచి ఉంచుకోండి.

మా బాబుకు ఎనిమిదేళ్లు. జీడిపప్పు పడదు, పెదవులు వాచిపోతాయి. విదేశాల్లో ఇండియన్ రెస్టారెంటుకు తీసుకెళ్లవచ్చా?
*ఒక తల్లి, నల్లకుంట*

ఈ ఉత్తరానికి నేను మిగతావాటికన్నా జాగ్రత్తగా జవాబు రాస్తున్నాను. ఉత్తరాది రెస్టారెంటు వంటలో జీడిపప్పు పైకి కనిపించదు. కోర్మా, షాహీ పనీర్, బటర్ చికెన్, మలై కోఫ్తాల్లో చిక్కదనం కోసం దాన్ని రుబ్బి పోస్తారు. బాదంపొడి, వేరుసెనగపొడి కూడా అలాగే కలుస్తాయి. ఇంగ్లండులో 2014లో వేరుసెనగ పడని ఒక యువకుడు తనకు పడదని ముందే చెప్పి కూర తెప్పించుకున్నాడు. బాదంపొడికి బదులు చవకైన వేరుసెనగ కలిసిన పొడి వాడటం వల్ల ఆ కూర తిని చనిపోయాడు. ఆ రెస్టారెంటు యజమానికి 2016లో ఆరేళ్ల జైలుశిక్ష పడింది.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2014 డిసెంబరు నుంచి, పడకపోయే అవకాశమున్న 14 రకాల పదార్థాలు ఏ వంటకంలో ఉన్నాయో అడిగినవారికి చెప్పడం తప్పనిసరి. బ్రిటన్‌లోనూ అదే నియమం కొనసాగుతోంది. ఆ జాబితాలో జీడిపప్పు ఉంది. కాబట్టి అడగడానికి సంకోచించకండి, అది మీ హక్కు. బాబుకు ఏం పడదో ఆ దేశపు భాషలో ఒక కాగితం మీద రాయించుకుని, వడ్డించే అతనికి కాక వంటగదిలోకి పంపమని చెప్పండి. జవాబు తడబాటుగా వస్తే లేచి వచ్చెయ్యండి. ఆకలికి అరటిపండ్లు, బ్రెడ్డు ఎక్కడైనా దొరుకుతాయి. డాక్టరు రాసిచ్చిన మందులు, అత్యవసర ఇంజెక్షను ఉంటే అది కూడా, సూట్‌కేసులో కాకుండా మీ చేతిసంచిలోనే ఉండాలి. ఇడ్లీ, సాదా దోసె, పెరుగన్నం వంటివి దొరికే దక్షిణాది హోటలు మీ బాబుకు కొంత మేలు. అయినా చట్నీలో, ఉప్మాలో, పొంగలిలో జీడిపప్పు ఉంటుందని మీకు నేను చెప్పనక్కర్లేదు.

చదువు కోసం టెక్సస్ వెళ్తున్నాను. అక్కడ హైదరాబాదీ బిర్యానీ బోర్డులు చాలా ఉన్నాయట. మన రుచి దొరుకుతుందా?
*విద్యార్థి, మెహదీపట్నం*

దొరుకుతుంది, కానీ ప్రతి బోర్డు కిందా కాదు. మన కచ్చి బిర్యానీ ఒక్క ప్లేటు కోసం వండేది కాదు. మసాలాలో నానిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూత చుట్టూ పిండి అంటించి, పెద్ద దేగిసాలో నిదానంగా మగ్గనివ్వాలి. అయిపోతే మళ్లీ గంటల పని. పొద్దున పదకొండు నుంచి రాత్రి పది దాకా ఎప్పుడడిగినా బిర్యానీ సిద్ధంగా ఉంటుందనే చోట, విడిగా ఉడికిన అన్నం, విడిగా చేసిన మసాలా కూర అప్పటికప్పుడు కలిపి ఇచ్చే అవకాశమే ఎక్కువ. దానిలో మాంసం రుచి అన్నంలోకి దిగదు, అడుగున మసాలా ముద్ద, పైన పొడి అన్నం విడివిడిగా తెలిసిపోతాయి.

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో ప్రాంతాల్లో తెలుగువాళ్ల హోటళ్లు చాలా ఉన్నాయి. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం పన్నెండుకల్లా వెళ్లి, మేక మాంసంతో దమ్ బిర్యానీ ఇవాళ పెట్టారా, దేగిసా ఎప్పుడు తెరుస్తారు అని అడగండి. ఈ ప్రశ్న అడిగినవాడిని వంటవాడు వేరుగా చూస్తాడు. ఎముకతో కూడిన మేకమాంసం వాడే చోటే ఎంచుకోండి, లాంబ్‌తో చేస్తే కొవ్వు వాసన అన్నానికి పట్టి రుచి మారుతుంది. కారం ఎంత కావాలని అడిగితే మనవాళ్లు తినేంత అని చెప్పండి, మధ్యస్థంగా అంటే అమెరికావాళ్ల మధ్యస్థమే వస్తుంది. కట్టెల పొయ్యి, మూత మీద నిప్పులు అక్కడి భవనాల నిబంధనల వల్ల సాధారణంగా వీలుకావు కాబట్టి ఆ పొగ వాసన మాత్రం ఆశించకండి. మిర్చీ కా సాలన్‌లో నువ్వులు, పల్లీలు, చింతపండు రుచి విడివిడిగా తెలుస్తుంటే, వంటగదిలో మన ఊరివాడో మన ఊరి దగ్గరివాడో ఉన్నాడని అనుకోవచ్చు.

మా వెంట ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లి రెస్టారెంటులో వేసుకుంటే తప్పా?
*పాఠకురాలు, హబ్సిగూడ*

అడిగి వేసుకుంటే తప్పు కాదు. బయటి తిండి తేవడాన్ని చాలా రెస్టారెంట్లు ఒప్పుకోవు, కానీ పెద్దవాళ్లకు నోరు చేదుగా ఉందని చెప్పి ఒక చెంచా పొడికి అనుమతి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. సీసా మాత్రం బల్ల మీద పెట్టకండి. అసలు కష్టం విమానాశ్రయంలో వస్తుంది. నూనె తేలే పచ్చడి చేతిసంచిలో వెళ్లదు, చెక్-ఇన్ సామానులో గట్టిగా కట్టిపెట్టాలి. గసగసాలు కలిసిన పొడులు దుబాయ్‌కి గానీ సింగపూర్‌కి గానీ అస్సలు తీసుకెళ్లకండి, అక్కడ అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి పాలతో చేసిన మిఠాయిలు, మాంసం పచ్చళ్లు తేవడం నిషేధం. ఆస్ట్రేలియాలో ఏ తినుబండారం ఉన్నా విమానంలో ఇచ్చే పత్రంలో రాయాలి, రాయకపోతే జరిమానా.

మా నాన్నగారికి డెబ్బై దాటాయి, షుగరు ఉంది, వేళకు తినాలి. సింగపూర్, లండన్ రెండూ చూపించాలని ఉంది. భోజనాల వేళలు ఎలా ఉంటాయి?
*బ్యాంకు ఉద్యోగిని, ఉప్పల్*

సింగపూర్ గురించి దిగులు పడకండి. అక్కడి లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ వంటి శాకాహార హోటళ్లున్నాయి, టెక్కా సెంటరులో పొద్దున్నే ఇడ్లీ, దోసె దొరుకుతాయి. నడక తక్కువ, వేళలు మన ఊళ్లోలాగే ఉంటాయి.

లండన్‌లో మాత్రం చాలా ఇండియన్ రెస్టారెంట్లు మధ్యాహ్నం రెండున్నరకు మూసి మళ్లీ సాయంత్రం అయిదున్నరకో ఆరుకో తెరుస్తాయి, కొన్ని రాత్రిపూట మాత్రమే నడుస్తాయి. మూడింటికి ఆకలితో వెళ్లి మూసిన తలుపు ముందు నిలబడటం షుగరు ఉన్నవారికి ప్రమాదం కాబట్టి బిస్కెట్లు, పండు ఎప్పుడూ సంచిలో ఉంచండి. మైదా నాన్‌కు బదులు తందూరీ రోటీ చెప్పండి. బటర్ చికెన్, కోర్మా, మామిడి లస్సీల్లో చక్కెర ఉంటుంది. తాగడానికి మంచినీళ్లు అడిగితే సీసా తెచ్చి డబ్బు వేస్తారు, కుళాయి నీళ్లు కావాలని స్పష్టంగా చెబితే ఉచితంగా ఇస్తారు, అవి తాగడానికి పనికొచ్చేవే. మాత్రలు, ఇన్సులిన్ వేళల మార్పు గురించి బయల్దేరేముందే డాక్టరును అడగండి. రెస్టారెంటుకు వెళ్లేరోజు పొద్దున ఫోన్ చేసి, తలుపు ఎప్పుడు మూస్తారని కాకుండా చివరి ఆర్డరు ఎన్నింటికి తీసుకుంటారని కనుక్కోండి, ఆ రెండింటికీ మధ్య అరగంట తేడా ఉండటం మామూలు.